చిటికెన వేలు ఎత్తిన పిల్ల

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, ఏం మాట్లాడమంటారని అడిగాను. "ఏముందండీ, మీరు పిల్లల డాక్టరు. ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పండి, మధ్యమధ్యలో పాత జ్ఞాపకాలు కలపండి, త్వరగా ముగించండి, భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. సరేనన్నాను. విషయం మాత్రం ఆయనకు ముందుగా చెప్పలేదు. చెబితే మార్చమనేవారేమోనని భయం. నేను ఈవేళ మాట్లాడబోయేది ఒంటికి వెళ్ళడం గురించి.

నవ్వండి, పరవాలేదు. ముప్పై ఏళ్ళుగా నా గదిలోకి వచ్చే తల్లులు కూడా ముందు ఇలాగే నవ్వుతారు. తర్వాత తలుపు వేసి ఉందో లేదో చూసుకుంటారు. అప్పుడు గొంతు తగ్గించి, "పాపకి ఆపుకోవడం రావట్లేదండీ, బడిలో తడిపేసుకుంటోంది" అంటారు. జ్వరం గురించి, దగ్గు గురించి ఎవరూ గొంతు తగ్గించి చెప్పరు.

మన రోజులు గుర్తు చేసుకోండి. క్లాసులోంచి బయటికి వెళ్ళాలంటే చిటికెన వేలు ఎత్తి చూపించాలి. మేష్టారు తల ఊపితే వెళ్ళాలి, ఊపకపోతే కూర్చోవాలి. మగపిల్లలకు బడి వెనక గోడ ఉండేది. ఆడపిల్లలకు కాలవగట్టు మీద తుమ్మచెట్ల చాటు. అక్కడికి ఒక్కరం వెళ్ళేవాళ్ళం కాదు, ఇంటర్వెల్లో ముగ్గురు నలుగురం కలిసి వెళ్ళేవాళ్ళం. క్లాసు మధ్యలో అవసరమైతే తోడు ఎవరొస్తారు? అందుకని మాలో చాలామందిమి పొద్దున్నే మంచినీళ్ళు తాగడం మానేశాం. అది మంచి ఉపాయం అనుకున్నాం కూడా.

ఆరో తరగతి నుంచి నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకతి ఉండేది. పేరు చెప్పను. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే ఈ సంగతి చెబుతున్నాను. లెక్కల్లో నాకంటే చురుకు. పందొమ్మిదో ఎక్కం వెనక్కి అప్పజెప్పేది. కానీ గంటలో రెండుసార్లు చిటికెన వేలు ఎత్తేది. ఒక మేష్టారు, ఆయన ఇప్పుడు లేరు, "ఇందాకేగా వెళ్ళొచ్చావు, కూర్చో" అనేవారు. ఆయన చెడ్డవారు కారు. నాకీ రోజు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తప్పులేకుండా వస్తున్నాయంటే ఆయన పెట్టిన భిక్ష. పిల్ల పాఠం ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

కూర్చోమంటే ఆ అమ్మాయి మామూలుగా కూర్చునేది కాదు. బెంచీ మీద ఒక కాలు మడిచి, మడమ కిందికి పెట్టుకుని, దాని మీద బరువు మోపి కూర్చునేది. ఆటల పీరియడ్‌లో పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నేల మీద మడమ మీద కూర్చుండిపోయేది. అరనిమిషం తర్వాత లేచి మళ్ళీ పరుగు. "కోతి కూర్చున్నట్టు కూర్చుంటావేమే" అని నవ్వేవాళ్ళం.

అప్పుడప్పుడూ లంగా తడిసేది. ఉన్నవి రెండు జతలు. వానాకాలం ఉతికినవి ఆరవు. వాసన వచ్చేది. నేను క్లాసు లీడర్ని. ఒకరోజు మేష్టారి దగ్గరికి వెళ్ళి, "బోర్డు కనబడటం లేదండీ, ముందు బెంచీలో కూర్చుంటాను" అన్నాను. నాకు బోర్డు బాగానే కనబడుతోంది. ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు. ఎనిమిదో తరగతి దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, పీజీ చదివే రోజుల్లో, లైబ్రరీలో ఒక పుస్తకం చదువుతున్నాను. విన్సెంట్ అనే వైద్యుడు 1966లో లాన్సెట్ పత్రికలో రాసిన ఒక వ్యాసం ప్రస్తావన వచ్చింది. ఇంగ్లండులో స్త్రీలు రాణి ముందు మోకాళ్ళు వంచి చేసే అభివాదాన్ని కర్ట్సీ అంటారు. మూత్రం హఠాత్తుగా ముంచుకొచ్చినప్పుడు కొందరు ఆడపిల్లలు అలా వంగి మడమ మీద కూర్చుని, మూత్రం బయటికి వచ్చే దారిని మడమతో అదిమిపెట్టి ఆపుకుంటారని, అది జబ్బుకు గుర్తని ఆయన రాశాడు. ఇప్పటికీ దాన్ని విన్సెంట్ కర్ట్సీ అనే పిలుస్తాం. చదువుతుంటే చెమటలు పట్టాయి. నేను కోతి అని నవ్విన పిల్ల వైద్యగ్రంథంలో ఉంది. బోర్డు కనబడటం లేదని అబద్ధమాడి వదిలేసి వచ్చిన నా పక్క బెంచీ పిల్ల.

ఆ జబ్బును ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. అతిగా చురుకైన మూత్రాశయం అనుకోండి. అదేమిటో రెండు నిమిషాల్లో చెబుతాను.

మూత్రాశయం ఒక కండరపు సంచి. నిండేటప్పుడు వదులుగా ఉండాలి, ఖాళీ చేసేటప్పుడు బిగుసుకోవాలి. చంటిపిల్లల్లో సంచి నిండగానే వెన్నుపాము చివరనుంచి ఆజ్ఞ వెళ్తుంది, సంచి ఖాళీ అవుతుంది. మెదడును ఎవరూ అడగరు. మూడు నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి మెదడు ఆ పెత్తనం తీసుకుంటుంది. "ఇప్పుడు కాదు, కాసేపు ఆగు" అని చెప్పడం నేర్చుకుంటుంది. కొందరు పిల్లల్లో ఈ పెత్తనం పూర్తిగా కుదరదు. సంచి సగం కూడా నిండకముందే దానంతట అదే బిగుసుకుంటుంది. పిల్లకు అప్పటిదాకా ఏమీ తెలియదు. తెలిసిన మరుక్షణం పరిగెత్తాలి. మనకు వచ్చేది కబురు, వాళ్ళకు వచ్చేది వరద.

ఒక లెక్క చెబుతాను. నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లల వయసుకు ఒకటి కలిపి, ముప్ఫైతో హెచ్చవేస్తే వాళ్ళ మూత్రాశయంలో పట్టవలసిన మిల్లీలీటర్లు వస్తాయి. ఏడేళ్ళ పిల్లకు 240. పదేళ్ళ పిల్లకు 330. రోజుకు 8 సార్లు, అంతకు మించి వెళ్తుంటే ఎక్కువ. 3 సార్లు, అంతకంటే తక్కువ వెళ్తుంటే అదీ మంచిది కాదు, ఆ పిల్ల బిగబట్టుకుంటోందని అర్థం. అయిదేళ్ళు దాటిన పిల్ల పగటిపూట తడుపుకుంటుంటే డాక్టరుకు చూపించాలి. రాత్రి నిద్రలో పక్క తడపడం వేరే సంగతి, దాని దారి వేరు.

2022లో ఒక అమ్మమ్మ మనవరాలిని తీసుకుని మా ఆసుపత్రికి వచ్చింది. పాపకు ఏడేళ్ళు. నేను మాట్లాడుతుండగానే ఆ పిల్ల కుర్చీ దిగి, నేల మీద మడమ మీద కూర్చుంది. ఎన్నాళ్ళనుంచి ఇలా అని అడిగాను. "రెండేళ్ళయిందండి. బళ్ళో టీచరు పంపట్లేదంట. దీనికి నా పోలికే వచ్చిందండి. నాకూ ఇంతే. దీనివల్లే బడి మానేశాను" అంది. ఏ బడి అన్నాను. ఈ బడి పేరు చెప్పింది.

కళ్ళజోడు తీసి ఆమె ముఖంలోకి చూశాను. పందొమ్మిదో ఎక్కం వెనక్కి చెప్పమన్నాను. ఆమె రెండు మెట్లు చెప్పి ఆగింది. "ఏమే, నువ్వా!" అంది. ఆ తర్వాత కాసేపు వైద్యం జరగలేదు.

ఇక వైద్యం సంగతి. ఇలాంటి పిల్లలకు వెంటనే మందు రాయం. ముందు అసలు కారణం మరొకటి ఉందేమో చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా? వీపు కింద, వెన్నెముక మీద గుంట గానీ, వెంట్రుకల కుచ్చు గానీ ఉందా? నడకలో తేడా ఉందా? అవి వెన్నుపాములో లోపానికి గుర్తులు కావచ్చు. స్కానింగులో మూత్రపిండాలు బాగున్నాయా? మూత్రం పోశాక లోపల ఇంకా మిగిలిపోతోందా? పాపకు ఇవన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత ఒక కొలత జగ్గు ఇచ్చి, రెండు రోజులు ఎప్పుడు వెళ్ళింది, ఎంత పోసింది, ఎప్పుడు తడిసింది, ఎంత నీళ్ళు తాగింది రాసుకురమ్మన్నాం. రోజుకు పన్నెండు పదమూడు సార్లు వెళ్తోంది. ఒక్కోసారి వచ్చేది ఎనభై, తొంభై మిల్లీలీటర్లు. పట్టవలసింది 240 అని చెప్పానుగా. దానికితోడు మూడు నాలుగు రోజులకొకసారి గానీ విరేచనం లేదు. మలబద్ధకం ఉంటే నిండిన పెద్దపేగు వెనకనుంచి మూత్రాశయాన్ని నొక్కుతుంది, దాన్ని మరింత రేపుతుంది. చాలామంది పిల్లల్లో ఈ రెండూ జంటగా వస్తాయి.

కాబట్టి మొదటి వైద్యం మలబద్ధకానిది. రెండోది నీళ్ళు. తడుపుకుంటుందని నీళ్ళు మాన్పించడం తప్పు, మూత్రం చిక్కబడితే సంచి ఇంకా చికాకు పడుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి, టీ కాఫీలు మానాలి. మూడోది, ముంచుకొచ్చేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి గడియారం చూసి వెళ్ళడం. నాలుగోది, హడావుడి లేకుండా కూర్చుని పూర్తిగా పోయడం. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళు గాలిలో వేలాడకుండా కింద పీట వేయాలి. కాళ్ళు ఆనకపోతే కింది కండరాలు వదులు కావు. చాలామంది పిల్లలకు ఈ నాలుగూ శ్రద్ధగా చేస్తేనే బాగవుతుంది. పాపకు రెండు నెలల్లో కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు.

అప్పుడు ఆక్సిబ్యుటినిన్ అనే మందు మొదలుపెట్టాం. మూత్రాశయం కండరాన్ని అది వదులు చేస్తుంది. మంచి మందే. కానీ నోరు ఎండిపోతుంది, మలబద్ధకం పెరగవచ్చు, చెమట పట్టడం తగ్గుతుంది. చెమట పట్టకపోతే ఒంటి వేడి బయటికి పోదు. అది ఏప్రిల్ నెల. మన ఎండలు మీకు తెలుసు. పాప ముఖం కందగడ్డలా అయిపోయిందని ఫోను వచ్చింది. మందు ఆపేశాం.

అప్పుడు కరెంటు మాట ఎత్తాను. మా స్నేహితురాలు లేచి నిలబడింది. "పసిదానికి షాకు పెడతావుటే?" అంది.

మీలో మోకాళ్ళకో, నడుముకో ఫిజియోథెరపీలో కరెంటు పెట్టించుకున్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగం హాలు. ఆ మిషనే ఇది. టెన్స్ అంటారు. అరచేతిలో పట్టే పెట్టె, బ్యాటరీతో నడుస్తుంది, చర్మానికి అంటుకునే మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది, అంతే. నొప్పి రాకూడదు, వస్తే తగ్గించేస్తాం.

కరెంటుతో వైద్యం నిన్న మొన్నటిది కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికి, గౌటు నొప్పికి విద్యుత్తు పుట్టించే టార్పీడో చేపను ఒంటికి తాకించమని రాశాడు. 1791లో గాల్వానీ తన కప్ప కాళ్ళ ప్రయోగాలను అచ్చువేశాడు. నరం పనిచేసేది విద్యుత్తుతోనని అక్కడినుంచే మనకు తెలియడం మొదలైంది.

మూత్రాశయానికి వెళ్ళే ముఖ్యమైన నరాలు వెన్నెముక అడుగున, పిరుదుల పైన ఉండే త్రికాస్థిలోంచి వస్తాయి. రెండు, మూడు, నాలుగు నంబర్ల నరాలు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టనాగో, ష్మిట్ అనే వైద్యులు 1980ల మొదట్లో ఆ నరాల పక్కన చిన్న తీగ అమర్చి, పేస్‌మేకర్ లాంటి మిషనుతో మూత్రాశయాన్ని అదుపులో పెట్టే పద్ధతి రూపొందించారు. పెద్దవాళ్ళలో దీనికి 1997లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. 1983లో మెక్‌గ్వైర్ అనే వైద్యుడి బృందం చీలమండ దగ్గరి నరానికి చర్మం మీదనుంచే కరెంటు ఇచ్చి ఫలితం చూసింది. చీలమండకూ మూత్రాశయానికీ ఏమిటి సంబంధం అంటారా? చీలమండ లోపలివైపు దిగే ఆ నరం మొదలు కూడా త్రికాస్థి నరాల్లోనే ఉంది. వీధి చివర స్విచ్చి వేస్తే ఇంట్లో దీపం వెలిగినట్టు.

పిల్లలకు కోత లేకుండా, సూది లేకుండా కావాలి. బెల్జియంలోని ఘెంట్‌లో హోబెకె బృందం ఇంటి దగ్గరే రోజుకు రెండు గంటలు ఈ ప్యాడ్లు పెట్టించి, ఫలితాలు 2001లో ప్రచురించింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 2009లో ఒక పరీక్ష జరిగింది. మామూలు పద్ధతులతో తగ్గని పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజమైన కరెంటు, ఇంకో జట్టుకు ప్యాడ్లు ఉంటాయి గానీ కరెంటు రాదు. నిజమైన కరెంటు జట్టులో నూటికి 61 మందికి తడుపుకోవడం తగ్గింది, ఉత్త ప్యాడ్ల జట్టులో 17 మందికి. తగ్గిందన్నారు గానీ, మాయమైందనలేదు. బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో లోర్డెలో, బరోసో బృందం 2010లో ఒక జట్టుకు త్రికాస్థి మీద, ఇంకో జట్టుకు భుజం వెనక ఎముక మీద కరెంటు ఇచ్చింది. మొదటి జట్టులో నూటికి 62 మంది పిల్లల తల్లిదండ్రులు జబ్బు పూర్తిగా పోయిందన్నారు, రెండో జట్టులో ఒక్కరూ అనలేదు. ఇవి చిన్న పరీక్షలు, పదుల మంది పిల్లలతో చేసినవి. కాబట్టి అందరికీ తగ్గుతుందని నేను ఏ తల్లికీ మాట ఇవ్వను. మందు పడనివాళ్ళకు, మందు వద్దనేవాళ్ళకు ఇదొక మంచి దారి అని మాత్రం ధైర్యంగా చెబుతాను.

మేము పాపకు సాల్వడార్ పద్ధతే పాటించాం. త్రికాస్థికి అటొకటి, ఇటొకటి రెండు ప్యాడ్లు. సెకనుకు పది తరంగాలు. ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు, మొత్తం ఇరవైసార్లు. ఆ ఇరవై నిమిషాలూ పాప హోంవర్కు చేసుకునేది. కరెంటు వెన్నుపాము చివర ఉన్న ఆ తొందరపాటు ఆజ్ఞను అణుస్తుందని, మెదడు పెత్తనానికి చేయూత ఇస్తుందని మా అవగాహన.

ఒక హెచ్చరిక. ఇప్పుడు ఈ మిషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. డాక్టరు చూడకుండా కొని పిల్లలకు పెట్టకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు పెట్టకూడదు. మూర్ఛ ఉంటే, వెన్నులో లోపం ఉంటే ముందు ఆలోచించాలి. పుండు మీద, ఒరుసుకున్న చర్మం మీద ప్యాడు వేయకూడదు. వెన్నుపాము జబ్బును కనిపెట్టకుండా కరెంటు పెడుతూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది.

వాళ్ళ ఊరినుంచి మా ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. మొదటి రెండు వారాలు వచ్చారు. తర్వాత వాళ్ళ దగ్గరి టౌనులో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయికి పద్ధతి నేర్పి అక్కడ చేయించాం. పదిసార్లు అయ్యేసరికి పెద్ద తేడా కనబడలేదు. స్నేహితురాలు నిరాశపడింది, నేనూ పడ్డాను. పాప రాసుకొచ్చిన కాగితం మళ్ళీ తీసి చూశాం. ఆదివారాలు పొడిగా ఉంటోంది. తడిసేది బడి ఉన్న రోజుల్లో, అదీ పదకొండింటికి, మూడింటికి.

కారణం కరెంటులో లేదు. బడిలో పంపడం లేదు. ఇంటర్వెల్లోనే వెళ్ళాలని నియమం. ఇంటర్వెల్లో వెళ్తే వరస. వరసలో నిలబడలేక పాప వెళ్ళడమే మానేసింది, నీళ్ళూ మానేసింది. నేను ఆ టీచరుగారికి ఒక ఉత్తరం రాశాను. జబ్బు ఇదీ, వేషాలు కావు, గంటన్నరకోసారి పంపండి అని. ఆవిడ నాకు జవాబు రాయలేదు. కానీ పాపను తలుపు పక్క బెంచీలోకి మార్చారు. "నన్ను అడగక్కర్లేదు, చెప్పులేసుకుని వెళ్ళిరా" అన్నారు. నలుగురిలో చిటికెన వేలు ఎత్తే పని లేకుండా పోయింది.

ఇరవై సార్లు పూర్తయ్యేసరికి రోజుకు మూడుసార్లు తడిసే పిల్ల వారానికి రెండుసార్లకు వచ్చింది. మలబద్ధకం మళ్ళీ వచ్చి, మధ్యలో ఒక నెల వెనక్కి వెళ్ళింది. ఏడాదికల్లా పొడిగా ఉంది. ఇప్పుడు అయిదో తరగతి. కరెంటు ఎంత చేసింది, టీచరుగారి మాట ఎంత చేసింది అని నన్ను అడిగితే విడదీసి చెప్పలేను. మిషను ఆ పిల్ల దగ్గర ఉన్నది వారానికి ఒక గంట. బడి ఉన్నది వారానికి నలభై గంటలు.

అందుకే ఈ మాటలు ఆసుపత్రిలో చెప్పేకంటే ఇక్కడ చెప్పడం ముఖ్యమనుకున్నాను. ఉపాధ్యాయులకు నా విన్నపాలు నాలుగు.

మాటిమాటికీ అడిగే పిల్లను ముందు పంపండి, తర్వాత ఆలోచించండి. పదిమంది అబద్ధమాడి వెళ్ళొచ్చినా పాఠం మునిగిపోదు. నిజంగా అవసరమైన ఒక్క పిల్లను ఆపితే జీవితం మారిపోవచ్చు.

మడమ మీద కూర్చునే పిల్లను, కాళ్ళు మెలివేసుకుని నిలబడే పిల్లవాణ్ణి చూస్తే మందలించకండి. తల్లిని పిలిచి విడిగా చెప్పండి.

తడిసినప్పుడు నలుగురిలో అనకండి. స్టాఫ్‌రూమ్ బీరువాలో ఒక జత బట్టలు ఉంచండి.

నాలుగోది అన్నిటికంటే తొందరైనది. ఇన్నాళ్ళూ బాగున్న పిల్ల హఠాత్తుగా నీళ్ళు తెగ తాగుతూ, మాటిమాటికీ బయటికి వెళ్తూ, చిక్కిపోతుంటే అది షుగరు కావచ్చు. పిల్లలకూ వస్తుంది. ఆ రోజే రక్తపరీక్ష చేయించమనండి. రేపు, ఎల్లుండి అంటే ప్రాణం మీదికి వస్తుంది.

2019లో కేరళ బడుల్లో వాటర్ బెల్ మొదలుపెట్టారు. గంట కొట్టగానే పిల్లలందరూ మంచినీళ్ళు తాగాలి. ఎంతో మంచి పని. కానీ తాగిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? ఆ గంట తర్వాత ఇంకో గంట ఉండాలి, ఆ గంటకు తలుపులు తెరిచి ఉండాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది.

పొద్దున్న రాగానే నేను మన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు చూసొచ్చాను. తుమ్మచెట్ల కాలం పోయింది, సంతోషం. నాలుగు ఉన్నాయి. ఒకదానికి తాళం వేసి ఉంది. రెండింటికి లోపల గడియ లేదు. కుళాయిలో నీళ్ళు లేవు. హెడ్‌మాస్టరుగారిని నేను తప్పుపట్టను, శుభ్రం చేసే మనిషికి ఇచ్చే డబ్బు ఏ మూలకు సరిపోతుందో ఆయన చెప్పారు. ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని సంఘం అనుకుంటోందని విన్నాను. ఆర్చి మీద మనందరి పేర్లు ఉంటాయట. వద్దనను. కానీ ఆర్చి ఒక్క ఏడాది ఆలస్యమైతే ఏమీ కాదు. ముందు ఆ నాలుగింటికీ గడియలు, నీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట, రోజూ శుభ్రం చేసే మనిషికి నెల నెలా జీతం ఏర్పాటు చేద్దాం. కట్టడానికి చందాలు తేలిగ్గా వస్తాయి, కడగడానికి రావు. అందుకే ఆ జీతం మొదటి రెండేళ్ళకు నేనిస్తాను. ఆ తర్వాత మీరు.

ఇక ఒక్క మాట. మా స్నేహితురాలిని ఈ సభకు రమ్మన్నాను. "నేను ఎనిమిదితో మానేశానుగా, నన్ను పూర్వ విద్యార్థి అంటారా?" అంది. నాకు జవాబు తోచలేదు. ఇంటికి వెళ్ళి మన సంఘం సభ్యుల జాబితా తీసి చూశాను. అది పదో తరగతి రిజిస్టరు చూసి తయారుచేసిన జాబితా. మధ్యలో మానేసినవాళ్ళెవరూ అందులో లేరు. ఎంతమంది ఉంటారో, ఎందుకు మానేశారో మన దగ్గర లెక్క లేదు.

కార్యదర్శిగారూ, సంఘం చందా ఇంకొకటి కడుతున్నాను. పేరు సభలో చెప్పను, రసీదు పుస్తకంలో నేనే రాస్తాను. వచ్చే ఏడాది ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఈసారి బోర్డు కనబడటం లేదని అనను.

భోజనాలు చల్లారకముందే ముగిస్తున్నాను.